ఊపిరి పోసిన చేతులు

జంషెడ్‌పూరు నగరమునకు వాకిలి వంటిది టాటానగర్ రైలు స్టేషను. ఆ స్టేషనుకు సమీపముననే యున్న పేట బాగ్‌బేరా. రైలుబండ్ల రాకపోకల సవ్వడి వినని రోజు ఆ పేటలో నుండదు. పూర్వము బెంగాల్-నాగపూర్ రైల్వే ఒకవైపు ఈ గనుల సీమకును, మరొకవైపు ఖరగ్‌పూరు మీదుగా వాల్తేరుకును బండ్లను నడపుచుండుటచే, శ్రీకాకుళ విశాఖ మండలముల నుండి మనవారు పొట్ట చేతబట్టుకొని ఈ ప్రాంతములకు వచ్చిరి. కొందరు రైల్వేలో చేరిరి. కొందరు ఉక్కు కర్మాగారమున చేరిరి. బిష్టుపూరునందలి ఆంధ్రభక్త శ్రీరామ మందిరము ఆ వలసకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది.

పట్టాల ప్రక్కన కాపురముండువారికి గూడ్సుబండి వింత కాదు. బొగ్గు, ఇనుపరాయి, ఉక్కు కమ్ములు నిత్యము వారి కన్నుల యెదుటనే సాగిపోవుచుండును. కాని 2021వ సంవత్సరపు వేసవిలో టాటానగర్ నుండి బయలుదేరిన కొన్ని బండ్లు వేరొక సరకును మోసికొనిపోయినవి. అది ద్రవరూపమున నున్న ప్రాణవాయువు. కోవిడ్ రెండవ విజృంభణలో దేశమంతట ఆసుపత్రులు ఆక్సిజను కొరకు అలమటించుచున్న దినములవి. ఉక్కును కరగించు కర్మాగారముల నుండియే మనుష్యుల ఊపిరి బయలుదేరుట ఆనాడు జనులకు ఆశ్చర్యము గొలిపెను.

ఆక్సిజను ఆసుపత్రి గుమ్మము వరకు చేరినది సరే. ఊపిరి పీల్చు శక్తియే నశించినవాని రొమ్ములోనికి అది చేరుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో మానవుడు నాలుగు శతాబ్దములకు మించి గడపినాడు. నేను వైద్యుడను కాను. చరిత్ర చదువుకొని, కార్యాలయపు కాగితముల నడుమ కాలము గడుపుచున్న ఉద్యోగిని. అయినను ఈ చరిత్రను చదువగా నాకు స్పష్టముగా తోచిన విషయము ఒకటి కలదు. గాలిని బలముగా లోనికి నెట్టుట మనుష్యుడు త్వరగానే నేర్చెను. ఆ బలమును తగ్గించుట, రోగి శరీరము చెప్పుదానిని ఆలకించుట నేర్చుకొనుటకే అతనికి చిరకాలము పట్టెను. ఆ నేర్పు నేటికిని యంత్రము ప్రక్కన నిలుచున్న మనిషి చేతిలో నున్నది.

కొలిమితిత్తి నుండి ఉక్కుపెట్టె వరకు

మన భాషలో ఊపిరితిత్తి యను మాటలోనే ఈ చరిత్రకు మూలము గోచరించును. కమ్మరి కొలిమివద్ద గాలి ఊదు తోలుసంచి తిత్తి. రొమ్ములో నున్న అవయవమునకు మన పూర్వులు ఆ పేరే పెట్టిరి. ఐరోపా పండితులు సైతము తమ ప్రయోగములకు కమ్మరి తిత్తినే చేతబట్టిరి.

1543లో వెసేలియస్ అను శరీరశాస్త్రవేత్త తన మహాగ్రంథమున ఒక విషయము వ్రాసెను. జంతువు యొక్క శ్వాసనాళమునకు రంధ్రము చేసి, అందు ఒక రెల్లుగొట్టమునుంచి ఊదినచో, ఊపిరితిత్తులు మరల ఉబ్బుననియు, ఆగిపోవుచున్న గుండె తిరిగి బలము పుంజుకొనుననియు అతడు తెలిపెను. 1667లో లండన్ నగరమున రాయల్ సొసైటీ సభ్యుల యెదుట రాబర్ట్ హుక్ ఒక కుక్కపై తిత్తితో ప్రయోగము చేసి చూపెను. రొమ్ము కదలుట ముఖ్యము కాదనియు, ఊపిరితిత్తులకు ఎడతెగక క్రొత్తగాలి అందుటయే ప్రాణాధారమనియు అతని ప్రయోగము వలన తేటతెల్లమయ్యెను. ఆ క్రొత్తగాలిలో ప్రాణము నిలుపు పదార్థమేదో తెలియుటకు మరియొక నూరేండ్లు పట్టెను. షీలే, ప్రీస్ట్‌లీ, లవోయిజే అను మువ్వురి కృషివలన 1770ల దశాబ్దమున ఆక్సిజను లోకమునకు పరిచయమయ్యెను.

1907వ సంవత్సరము జంషెడ్‌పూరు చరిత్రలో మరపురానిది. టాటా ఇనుము, ఉక్కు కంపెనీ స్థాపింపబడినది ఆ యేడే. అదే సంవత్సరమున జర్మనీదేశపు ల్యూబెక్ పట్టణమున హైన్రిక్ డ్రేగర్ అనునతడు 'పుల్మోటర్' అను శ్వాసయంత్రమును రూపొందించెను. గనులలో విషవాయువు పీల్చి స్పృహతప్పిన కార్మికులను బ్రతికించుట దాని ఉద్దేశము. బొగ్గు, ఉక్కు పరిశ్రమలు పెరిగినకొలది శ్రామికుని ఊపిరికి వాటిల్లు గండములును పెరిగెను. ఆ గండములే ఈ యంత్రమునకు జన్మకారణమయ్యెను. గనులకును ఉక్కునకును పుట్టినిల్లయిన మన ఈ ప్రాంతమువారు ఈ సంబంధమును సులభముగా గ్రహింపగలరు.

తరువాతి అధ్యాయము పోలియో వ్యాధిది. ఆ వ్యాధి కొందరిలో రొమ్ముకండరములను పడగొట్టును. ఊపిరితిత్తులు చక్కగానే యుండును గాని, వానిని విప్పు కండరములకు శక్తి యుండదు. 1928లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ డ్రింకర్, లూయీ అగాసిజ్ షా అను ఇరువురు ఒక లోహపు పెట్టెను నిర్మించిరి. రోగి శరీరమంతయు పెట్టెలోపల, తల మాత్రము బయట నుండును. పెట్టెలోని గాలిని పంపుతో కొంత లాగివేసినప్పుడు రొమ్ము విప్పుకొనును. బయటిగాలి నోటినుండి, ముక్కునుండి లోనికి ప్రవేశించును. పంపుకై వారు మొదట వాడినవి ఇంటిలో దుమ్ము పీల్చు యంత్రముల మోటార్లే. ఆ యేడు అక్టోబరులో బోస్టన్ నగరపు పిల్లల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల బాలికను మొదటిసారి అందుంచిరి. జనులు దానికి 'ఇనుప ఊపిరితిత్తి' యని పేరిడిరి.

ఈ పెట్టె ఎందరినో బ్రతికించెను. కాని దాని వెల ఎక్కువ. 1937లో ఆస్ట్రేలియాలో బోత్ సోదరులు చెక్కపలకలతో చవుకగా అటువంటి పెట్టెను చేయగా, 1938లో ఇంగ్లండులో మోటారుకార్ల కర్మాగారాధిపతి యగు లార్డ్ నఫీల్డ్ తన కర్మాగారమున వానిని చేయించి ఆసుపత్రులకు ఉచితముగా పంచిపెట్టెను. వెల తగ్గినను, పెట్టెతో చిక్కు తీరలేదు. లోపలనున్న రోగిని నర్సు తాకుటయే కష్టము. గొంతు కండరములుకూడ పడిపోయిన రోగికి ఉమ్మి, కఫము శ్వాసనాళములోనికి జారి ఊపిరి నడ్డగించును. యంత్రము తన లెక్క ప్రకారము ఆడుచునే యుండును. లోపల మనిషి మరణించుచుండును.

కోపెన్‌హాగన్ నగరమున 1952

ఆ చిక్కు ఎంత ఘోరమైనదో 1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధాని యగు కోపెన్‌హాగన్‌లో వెల్లడియయ్యెను. ఆ వేసవిలో పోలియో ఆ నగరమును ముట్టడించెను. రోగులందరును చేరునది బ్లెగ్డామ్ అంటువ్యాధుల ఆసుపత్రి. అచ్చటి ప్రధాన వైద్యుడు లాసెన్. ఆసుపత్రిలో నున్నది ఒక్క ఇనుప ఊపిరితిత్తి. రొమ్ముమీద తొడుగు చిన్నతరహా కవచయంత్రములు ఆరు. మొదటి మూడు వారములలో యంత్రమున నుంచిన 31 మంది రోగులలో 27 మంది మరణించిరి. ప్రతిదినమును పదులకొలది క్రొత్తరోగులు వచ్చుచునే యుండిరి.

దిక్కుతోచని ఆ స్థితిలో లాసెన్ మత్తుమందు వైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహా నడిగెను. చచ్చిపోయిన రోగుల రక్తపరీక్షలను చూచి ఇబ్సెన్ ఒక విషయము పసిగట్టెను. వారి రక్తములో క్షారము ఎక్కువగా నున్నదని వైద్యులు వేరే కారణములు వెదకుచుండగా, అది బొగ్గుపులుసుగాలి బయటకు పోలేక శరీరములో నిలిచిపోవుటవలన కలిగిన మార్పని అతడు చెప్పెను. అనగా రోగులకు చాలినంత ఊపిరి ఆడుటలేదు. శస్త్రచికిత్సలో మత్తునందున్న రోగికి సంచిని చేతితో నొక్కి ఊపిరి నిచ్చునట్లు వీరికిని ఇచ్చినచో బ్రతుకవచ్చునని అతని వాదము.

1952 ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలికపై ఆ ప్రయోగము జరిగెను. ఆమె అవసానదశలో నుండెను. గొంతుకు రంధ్రము చేసి గొట్టమునమర్చి సంచిని నొక్కగా, మొదట గాలి లోనికి పోలేదు. ఆ బాలిక ఉక్కిరిబిక్కిరియై పెనుగులాడెను. ఇబ్సెన్ మత్తుమందిచ్చి ఆ పెనుగులాట మాన్పెను. అప్పుడు సంచిలోని గాలి సాఫీగా లోనికి పోవసాగెను. బాలిక చర్మమునకు మరల రంగు వచ్చెను. ఆమె బ్రతికెను.

ఒక బాలికకు సరే, పదులకొలది రోగులకు రేయింబవళ్ళు సంచి నొక్కువారెవరు? వైద్యవిద్యార్థులను పిలిపించిరి. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా వచ్చి, మంచము ప్రక్కన కూర్చుండి, నెలల తరబడి చేతులతో ఊపిరి పోసిరి. ఒకానొక సమయమున ఏకకాలమున 70 మంది రోగులు ఈ విధముగా విద్యార్థుల చేతులమీద బ్రతుకుచుండిరి. నూటికి 87 మంది మరణించుచుండిన చోట ఆ సంఖ్య సుమారు 40కి దిగెను. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరమునందలి మరియొక ఆసుపత్రిలో, ఇట్టి రోగులకు వేరుగా ఒక వార్డు నేర్పాటు చేసెను. నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోను మనము చూచు 'ఐ.సి.యు.' అట్లు పుట్టినది.

ఈ ఘట్టమున గమనింపదగినది ఒకటి కలదు. విద్యార్థి చేతిలోని రబ్బరుసంచి ఒక విధముగా మాటలాడును. కఫము అడ్డుపడినచో సంచి గట్టిపడును. రోగి తానై పీల్చుటకు యత్నించినచో చేతికి ఆ కదలిక తెలియును. విద్యార్థి తన ఒత్తిడిని దానికి తగినట్లు సవరించుకొనును. అటుపిమ్మట డెబ్బదియేండ్లుగా ఇంజనీర్లు యంత్రమునకు నేర్పుటకు యత్నించుచున్నది ఈ విద్యార్థి చేతికి తెలిసిన విద్యనే.

యంత్రము ఆలకించుట నేర్చిన విధము

స్వీడన్‌దేశపు ఎంగ్‌స్ట్రోమ్ అను వైద్యుడు నిర్మించిన యంత్రము 1950ల దశాబ్దమున ఆ చేతులకు బదులుగా నిలిచెను. అది నిర్ణీతమైన గాలిని, నిర్ణీతమైన వేళకు లోనికి పంపును. దీనిని నేటి పరిభాషలో 'వాల్యూం కంట్రోల్' మోడు అందురు. 'మోడు' అనగా యంత్రము రోగికి ఊపిరి నిచ్చు పద్ధతి. ఎంత గాలి యని నిర్ణయించిన అది వాల్యూం కంట్రోల్. ఎంత ఒత్తిడి యని నిర్ణయించి, దానికి లోబడి ఎంత గాలి పోయిన అంతే చాలుననుకొనిన అది 'ప్రెషర్ కంట్రోల్'.

ఈ రెంటిలోను తొలినాటి యంత్రమునకు గడియారమే ప్రభువు. రోగి ఊపిరి విడువదలచినప్పుడు యంత్రము గాలి నెట్టినచో ఇరువురికిని పోరు తప్పదు. కోపెన్‌హాగన్ బాలిక పెనుగులాట వంటిది ప్రతి మంచముపైనను జరుగును. అందువలన రోగి తానై పీల్చుటకు చేయు స్వల్పప్రయత్నమును కనిపెట్టి, ఆ క్షణముననే తోడ్పడు 'అసిస్ట్' మోడులు వచ్చినవి. 1970ల దశాబ్దమున, రోగి తన ఊపిరిని తాను తీసికొనుచుండగా నడుమనడుమ మాత్రమే యంత్రము ఊపిరి నిచ్చు పద్ధతి ప్రచారమునకు వచ్చెను. ఆపైన 'ప్రెషర్ సపోర్ట్' అను మోడులో ప్రతి ఊపిరిని రోగియే ఆరంభించును. యంత్రము వెనుకనుండి కొంచెము ఊతమిచ్చును. నడక నేర్చు బిడ్డను తల్లి మొదట రెండుచేతులతో పట్టుకొని, తరువాత ఒక వ్రేలందించి, చివరకు వెనుక నడచునట్లు, వైద్యుడు రోగిని యంత్రమునుండి క్రమక్రమముగా విడిపించును.

ఇంతవరకు చెప్పినది ప్రధానముగా కండరములు పడిపోయిన రోగి విషయము. ఊపిరితిత్తియే చెడినచో సమస్య వేరు. 1967లో అమెరికాలోని డెన్వర్ నగర వైద్యులు ఆష్‌బా, బిగెలో, పెట్టీ, లెవైన్ అనువారు 12 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. కొందరు ప్రమాదములలో గాయపడినవారు, కొందరు వ్యాధిగ్రస్తులు. కారణములు వేరైనను అందరి ఊపిరితిత్తులును నీరుపట్టి బిగిసిపోయినవి. ఎంత ఆక్సిజను ఇచ్చినను రక్తమునకు అందుటలేదు. వారిలో ఏడుగురు మరణించిరి. ఈ వ్యాధిస్థితిని నేడు 'ఎ.ఆర్.డి.ఎస్.' అని పిలుచుచున్నారు. కోవిడ్ కాలమున ఎన్నో ఇండ్లలో ఈ నాలుగక్షరములు విననైనవి.

ఆ డెన్వర్ వైద్యులకు ఉపకరించిన ఉపాయమొకటి నేటికిని వాడుకలో నున్నది. దానిని 'పీప్' అందురు. బుడగ నూదునప్పుడు మొదటి ఊదు మిక్కిలి కష్టము. కొంచెము ఉబ్బిన తరువాత సులభము. అట్లే ఊపిరితిత్తిలోని గాలిగదులు ప్రతి ఊపిరికి పూర్తిగా మూసుకొనిపోయినచో మరల తెరచుట కష్టము. కావున ఊపిరి విడిచిన పిదపకూడ కొంత ఒత్తిడిని లోపల నిలిపి, గదులు మూసికొనకుండ చేయుదురు. 1987లో స్టాక్, డౌన్స్ అను వైద్యులు ప్రకటించిన 'ఎ.పి.ఆర్.వి.' మోడు ఈ సూత్రమునే మరికొంత దూరము తీసికొనిపోయినది. అందు ఒత్తిడి ఎక్కువసేపు నిలిచియుండి, క్షణకాలము మాత్రమే విడువబడును.

తగ్గించుటలోని నేర్పు

ఇచ్చట చరిత్ర ఒక మలుపు తిరుగును. చాలకాలము వైద్యులు రక్తపరీక్షలు సరిగా నుండుటయే లక్ష్యముగా పెట్టుకొని, రోగికి సహజశ్వాసకంటె అధికమైన గాలి నిచ్చుచు వచ్చిరి. 1974లో వెబ్, టియర్నీ అనువారు ఎలుకలపై ప్రయోగములు చేసి, అధికమైన ఒత్తిడితో గాలి నెట్టినచో ఒక్క గంటలోపుననే ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులు సైతము నీరుపట్టి చెడిపోవునని చూపిరి. అనగా ప్రాణము నిలుపుటకు వచ్చిన యంత్రమే ఊపిరితిత్తికి హాని చేయగలదు. ఇటలీదేశపు గటినోని యను వైద్యుడు ఈ రోగుల ఊపిరితిత్తులను స్కానుచేసి చూచి, వానిలో పనిచేయు భాగము పసిబిడ్డ ఊపిరితిత్తి యంత మాత్రమే మిగిలియుండునని 1980లలో చెప్పెను. పెద్దమనిషికి తగిన గాలిని ఆ చిన్నభాగములోనికి నెట్టిన, అది చినుగక యేమగును?

ఈ వాదము నిజమో కాదో తేల్చుటకు అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి 861 మంది రోగులపై పరిశోధన నడపినవి. ఫలితములు 2000వ సంవత్సరమున వెలువడినవి. శరీరము బరువులో కిలో ఒక్కింటికి 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చినవారిలో నూటికి 39.8 మంది మరణించిరి. 6 మిల్లీలీటర్లు మాత్రమే ఇచ్చినవారిలో 31 మంది మరణించిరి. క్రొత్తమందు లేదు, క్రొత్తయంత్రము లేదు. యంత్రపు మీటను సగమునకు త్రిప్పినంతమాత్రమున నూటికి తొమ్మండుగురు అధికముగా బ్రతికిరి.

ఇందలి లెక్కను ఉదాహరణముతో చెప్పెదను. ఇక్కడ బరువనగా రోగి ఎత్తునుబట్టి కట్టిన బరువు; లావుగా నున్నంతమాత్రమున ఊపిరితిత్తి పెద్దదికాదు. 170 సెంటీమీటర్ల ఎత్తుగల పురుషునికి లెక్కబరువు 66 కిలోలు. అతనికి ఒక ఊపిరికి తగినది సుమారు 400 మిల్లీలీటర్లు. 155 సెంటీమీటర్ల స్త్రీకి లెక్కబరువు 48 కిలోలు. ఆమెకు సుమారు 290 మిల్లీలీటర్లు. పురుషునికి పెట్టిన అంకెనే ఆమెకును పెట్టినచో ప్రతి ఊపిరిలోను మూడవవంతుకు పైగా అధికము. నిమిషమునకు ఇరువది ఊపిరులు, దినమునకు 28,800. కొలబద్దతో రోగి ఎత్తు కొలుచుట అను చిన్నపనికి ఎంత విలువ గలదో పాఠకులు ఊహింపగలరు.

రెండవ ఉపాయము మరింత సామాన్యమైనది. రోగిని బోర్లపరుండబెట్టుట. వెల్లకిల పరుండినవాని ఊపిరితిత్తుల వెనుకభాగము బరువుచే అణగియుండును. బోర్లించినచో ఆ భాగము విప్పుకొనును. 2013లో ఫ్రాన్సుదేశపు గెరాన్ బృందము 466 మందిపై జరిపిన పరిశోధనలో, రోజునకు 16 గంటలైనను బోర్లించిన తీవ్రరోగులలో 28 దినములలోపల నూటికి 16 మంది మరణించిరి. బోర్లింపనివారిలో సుమారు 33 మంది మరణించిరి. దీనికి కావలసినవి నలుగురైదుగురు మనుష్యులు, ఎనిమిది పది చేతులు. గొట్టము ఊడకుండ, రక్తనాళపు సూదులు కదలకుండ, అందరును ఒక్కమాటమీద రోగిని త్రిప్పవలెను. కోవిడ్ కాలమున లోకమంతట ఆసుపత్రులలో ఈ పని జరిగెను.

ఉక్కునగరము పంపిన ఊపిరి

ఇక ప్రాణవాయువు సంగతి. 1952 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో చేతులు సంచి నొక్కుచుండగా, ఆ సంవత్సరమే నవంబరు మాసమున ఆస్ట్రియాదేశపు లింజ్ పట్టణమున వేరొక చరిత్ర ఆరంభమయ్యెను. కరగిన ఇనుముపై శుద్ధమైన ఆక్సిజనును ఊది ఉక్కు చేయు పద్ధతి అచ్చట మొదటిసారిగా కర్మాగార స్థాయిలో అమలయ్యెను. మనదేశమున దానిని ముందుగా చేపట్టినది రూర్కెలా. తదుపరి కాలమున జంషెడ్‌పూరుకును వచ్చినది. ఈ పద్ధతికి ఆక్సిజను విస్తారముగా కావలెను. కావున ఉక్కు కర్మాగారముల ప్రక్కన గాలిని మిక్కిలి చల్లార్చి ద్రవముగా మార్చి, అందుండి ఆక్సిజనును వేరుచేయు ప్లాంట్లు వెలసినవి. సున్నకు దిగువ 183 డిగ్రీల చలిలో ఆక్సిజను ద్రవమై నిలుచును.

2021 ఏప్రిలులో కర్మాగారములకు పోవు ఆక్సిజను ఆసుపత్రుల వైపు మళ్ళెను. తాము దినమునకు 200 నుండి 300 టన్నుల ద్రవ ఆక్సిజనును ఆసుపత్రులకు పంపుచున్నామని ఆ మాసమున టాటా స్టీలు ప్రకటించెను. రైల్వేవారు 'ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్' బండ్లను నడిపిరి. మొదటి బండి ఖాళీ ట్యాంకర్లతో ముంబయి సమీపమునందలి కలంబోలి నుండి మన విశాఖపట్టణమునకే వచ్చెను. విశాఖ ఉక్కు కర్మాగారమున నింపుకొని ఏప్రిలు 22న మహారాష్ట్రకు బయలుదేరెను. మే 11న టాటానగర్ నుండి ఆరు కంటైనర్లలో 120 టన్నులతో ఒక బండి బెంగళూరు చేరెను. ఆ మాసముననే టాటానగర్ నుండి వచ్చిన వేరొక బండిని బెంగళూరునకు చేర్చినది పూర్తిగా స్త్రీలే నడపిన ఇంజను. ఆ వేసవి ముగియునప్పటికి ఇట్టి బండ్లు దేశమంతట 30 వేల టన్నులకు మించి ప్రాణవాయువును చేరవేసినవి.

120 టన్నులనగా ఎంత? ఒక టన్ను ద్రవ ఆక్సిజను గాలిరూపమున సుమారు ఏడున్నర లక్షల లీటర్లగును. తీవ్రరోగికి నిమిషమునకు 60 లీటర్ల చొప్పున శుద్ధమైన ఆక్సిజను ఇచ్చినచో, దినమునకు 86,400 లీటర్లు. ఈ లెక్కన ఒక టన్ను ఒక రోగికి ఎనిమిదిన్నర దినములకు వచ్చును. ఆ బండి నిండుగా మోసినది వేయిమంది తీవ్రరోగులకు ఒక్క దినపు ఊపిరి. సిగ్నలు చూపినవాడును, పాయింట్లు మార్చినవాడును, ఇంజను నడపినవారును ఆ వేయిమంది మంచములప్రక్కన నిలిచినట్లే యని నా భావము.

చేతులెక్కడ?

ఆక్సిజను వచ్చెను. యంత్రములును వచ్చెను. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము 2,000 కోట్ల రూపాయలతో స్వదేశమున తయారైన 50,000 వెంటిలేటర్లను సమకూర్చనున్నట్లు ప్రకటించెను. అందు 9,650 విశాఖపట్టణమునందలి ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వంతుకు వచ్చినవి. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయమే. కాని మరుసటి సంవత్సరమున పలు రాష్ట్రముల నుండి పత్రికలలో వేరొక వార్తయు వచ్చెను. శిక్షణ పొందిన సిబ్బంది లేక జిల్లా ఆసుపత్రులలో కొన్ని వెంటిలేటర్లు మూలబడియున్నవని. గదిలో యంత్రముండగా గది బయట రోగి మరణించుటకంటె విచారకరమైన దేమున్నది?

యంత్రము ప్రక్కన నిలిచి చేయవలసిన పనులు ఏవి? రోగి ఎత్తు కొలిచి గాలి కొలతను నిర్ణయించుట. ఒత్తిడి హద్దుమీరకుండ చూచుట. గొట్టమున పేరుకొన్న కఫమును తీయుట. లోనికి పోవు గాలికి తడియు వెచ్చదనమును సమకూర్చుట. గంట మ్రోగినప్పుడు అది రోగి కష్టమా, గొట్టపు లోపమా తేల్చుట. రక్తపరీక్ష చూచి మోడు మార్చవలసిన వేళను వైద్యునికి తెలుపుట. రోగికి బలము వచ్చుచున్నదని ముందుగా కనిపెట్టి యంత్రపు ఊతమును తగ్గించుట. వైద్యుడు మంచమువద్దకు వచ్చిపోవును. నర్సుకు నూరు పనులు. ఈ పనులనే వృత్తిగా చేపట్టినవారు రెస్పిరేటరీ థెరపిస్టులు. అమెరికాలో వీరి సంఘము 1947లో, అనగా మనకు స్వాతంత్ర్యము వచ్చిన యేట, చికాగో నగరమున ఏర్పడెను. మనదేశమున ఈ వృత్తికి చట్టములో స్థానము లభించినది 2021లో. ఆ సంవత్సరము మార్చిలో రాష్ట్రపతి ఆమోదము పొందిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టపు పట్టికలో రెస్పిరేటరీ టెక్నాలజిస్టు పేరు చేర్చబడెను. సరిగా మరుసటి నెలలోనే రెండవ విజృంభణ మన నెత్తిన పడెను. ఇరువది యేండ్లు ముందుగా చేయదగిన పని అది.

పోలియో మనదేశమునుండి తొలగిపోయినది. చివరి కేసు 2011 జనవరిలో, టాటానగర్ నుండి రైలులో కొన్ని గంటల దూరముననున్న హౌరా జిల్లాలో కనబడెను; 2014 మార్చిలో మనకు విముక్తిపత్రము లభించెను. ఒక వ్యాధి పోయినంతమాత్రమున ఊపిరికి గండములు పోవు. న్యుమోనియా కలదు, ప్రమాదములు కలవు, విషవాయువులు కలవు, గనుల దుమ్ము కలదు. రేపు మరియొక మహమ్మారి రాదని చెప్పగలవారు లేరు.

మన కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములలో పదునేడు పదునెనిమిదేండ్ల బిడ్డలున్న ప్రతి యింటను ఒక్కటే చర్చ. డాక్టరు కావలెను, లేనిచో ఇంజనీరు కావలెను. వైద్యకళాశాలలో సీటు రాని బిడ్డ తన జీవితమే ముగిసినదని కుములుచుండును. ఈ రెండు వృత్తుల నడుమ, సరిగా రెంటి విద్యలును కలిసిన చోట, మనుష్యుని ఊపిరిని చేతబట్టి నిలుచు వృత్తి యొకటి కలదని ఆ బిడ్డకు చెప్పువారు అరుదు. దీనికి పట్టా చదువు కలదు; చట్టపు గుర్తింపు కలదు; అవసరము మాత్రము అంతులేనిది. మన సాంస్కృతిక సంఘములు ఏటేట విద్యార్థులకు బహుమతులు, ఉపకారవేతనములు ఇచ్చుచున్నవి. అందొక్కటి ఈ చదువు చదువబోవు పిల్లలకు కేటాయించుట మంచిది. టాటానగర్ వంటి పారిశ్రామిక కేంద్రములలోను, మన శ్రీకాకుళ విజయనగర మండలముల ఆసుపత్రులలోను రేపు వెంటిలేటరు గంట మ్రోగినప్పుడు లేచి పరుగెత్తువారు వారే.

కోపెన్‌హాగన్‌లో సంచి నొక్కిన ఆ 1,500 మందిలో పెక్కుమంది పేర్లు చరిత్రకెక్కలేదు. వారు ఇరువదియేండ్ల వయసువారు. కొందరికి పాఠములు ఇంకను పూర్తికాలేదు. మంచముప్రక్కన కూర్చుండి, రోగికి కథలు చదివి వినిపించుచు, చేతిని ఆపక ఊపిరి పోసిరి. అటువంటి చేతులు మన యిండ్లలో లేకపోలేదు. వానికి విద్య నేర్పి, పని చూపుట మన వంతు.